దక్కన్ నోళ్లు – 7: క్యా హోనా? ఏం గావాలె?

1980ల్లో మా కుటుంబం తెనాలి నుంచి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి వచ్చింది. అమ్మ అప్పటికే హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి ఉంది కాబట్టి, హైదరాబాద్‌లో భాషకు ఇబ్బంది ఉండదని ధైర్యంగా బయల్దేరింది. దిగిన రెండోరోజో మూడోరోజో తోపుడుబండి మీద కూరగాయలు తెచ్చిన ఒక పెద్దాయన గేటు దగ్గర ఆగి, “క్యా హోనా అమ్మా?” అన్నాడు.

అమ్మ తెల్లబోయింది. ఆమె చదివిన హిందీలో ‘హోనా’ అంటే ‘అగుట’. ఏమి అగుట అమ్మా అని అడుగుతున్నాడా ఈయన? “క్యా చాహియే అనాలండీ” అని మర్యాదగానే దిద్దింది. ఆయన నొచ్చుకోలేదు. వంకాయల మీద నీళ్లు చిలకరిస్తూ, ఈసారి తెలుగులో అడిగాడు: “ఏం గావాలెనమ్మా?”

ఈ ముచ్చట అమ్మ చాలాసార్లు చెప్పేది, ఆయన హిందీ తప్పు అనే ఉద్దేశంతోనే. చాలా ఏళ్ల తర్వాత, భాషాశాస్త్రం పుస్తకాలు కాస్త తిరగేశాక నాకు తట్టింది. ఆయన రెండుసార్లూ ఒకే ప్రశ్న అడిగాడు. మన ‘కావాలె’ను విప్పి చూడండి. అందులో ఉన్నది ‘కా’, అంటే అగు అనే ధాతువు. దాని మీద ‘వలె’ చేరింది. నాకు నీళ్లు కావాలి అంటే, మాట పుట్టుకను బట్టి, నాకు నీళ్లు అవ్వాలి అనే. “మేరెకు పానీ హోనా” అన్న దక్కనీ మాటలో ఉన్నదీ అదే. ఉర్దూ పదాలతో తెలుగు వాక్యం. ఆ బండి ఆయన వ్యాకరణం మన ఇంటిదే. అమ్మ గుర్తుపట్టలేకపోయింది, అంతే.

ఈ భాగంలో చెప్పబోయేది ఇటువంటి మాటలను చెవి ఒగ్గి విన్నవాళ్ల కథ. పోయిన భాగంలో పటాన్‌చెరువు దగ్గర ఆగాం. ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నిగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చిన సంగతి చెప్పుకున్నాం. సంస్కృత పదాల్ని పక్కనపెట్టి అచ్చ తెలుగులో రాసిన తొలి కావ్యాన్ని అందుకున్నది ఒక ముస్లిం ప్రభువు. పటాన్‌చెరువు నుంచి రామచంద్రాపురం, చందానగర్, మియాపూర్ మీదుగా వస్తే కూకట్‌పల్లి. ఇంకా ముందుకు పోతే పంజాగుట్ట. మన కథ ఈరోజు ఈ రోడ్డు మీదనే సాగుతుంది.

ముందు కొంచెం వెనక్కి. ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో రాజధానిని దేవగిరికి, అంటే దౌలతాబాద్‌కు మార్చినప్పుడు ఢిల్లీ చుట్టుపక్కల మాట్లాడే భాష సిపాయిలతో, వ్యాపారులతో, సూఫీలతో కలిసి దక్కనుకు దిగింది. 1347లో బహమనీ రాజ్యం విడిపోయాక ఉత్తరాదితో రాకపోకలు పలచబడ్డాయి. చుట్టూ మరాఠీ, కన్నడం, తెలుగు. బజారు మరాఠీలో, పొలం తెలుగులో, కొలువు పారసీలో. ఈ మధ్యన పెరిగిన పిల్ల దక్కనీ. అది వీధిభాషగానే మిగిలిపోలేదు. 1635లో గోల్కొండలో వజ్హీ ‘సబ్ రస్’ అనే వచన గ్రంథం రాశాడు. ఉర్దూ వచన సాహిత్యం చెప్పేవాళ్లెవరైనా ఆ పుస్తకాన్ని దాటి పోలేరు.

1687లో గోల్కొండ మొగలుల చేత చిక్కింది. ఆ తర్వాత ఢిల్లీ, లక్నో పలుకుబడి ఒప్పు అయింది, దక్కనీ తప్పు అయింది. నిజాం రాజ్యంలో 1884లో పారసీ స్థానంలో ఉర్దూ అధికారభాషగా వచ్చిందంటే అది పుస్తకాల ఉర్దూ. కచేరీలో చెల్లేది అదే. ఇంట్లో, బజారులో ‘నక్కో’ (వద్దు), ‘కైకు’ (ఎందుకు), ‘హౌ’ (అవును). ముస్లిం ఇళ్లలోనూ పిల్లల్ని బడి ఉర్దూ కోసం దిద్దేవాళ్లు. మా అమ్మ బండి ఆయన్ను దిద్దినట్టే.

తెలుగువాళ్ల బాధ మరో రకం. దాన్ని దాటవేసి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. రెండు భాషలు రావడం అందరికీ సమానంగా పడిన భారం కాదు. జాగీరుదారుకు తెలుగు రాకపోయినా నడిచేది; రైతుకు ఉర్దూ రాకపోతే తహసీలు కచేరీలో పని అయ్యేది కాదు. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు స్త్రీవిద్యకు జీవితం ధారపోసిన మహర్షి కార్వే. ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ తర్వాత తెలంగాణలో తెలుగు కోసం జరిగిన పనికి ఆ అవమానం ఊపిరి పోసింది. దక్కనీని ప్రేమగా తలుచుకునే మనం ఆ సభనూ మరచిపోకూడదు.

ఉర్దూ కథకు మళ్లీ వస్తే, 1917లో నిజాం ఫర్మానా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఉన్నత విద్యను ఉర్దూలో, అంటే ఒక భారతీయ భాషలో బోధించిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయం అది. అక్కడి నుంచి వచ్చినవాడే సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్. 1905లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివి, లండన్‌లో డాక్టరేటు తీసుకొని, ఆపైన పారిస్ వెళ్లాడు. 1930లో అక్కడ ‘హిందుస్తానీ ఫొనెటిక్స్’ అనే పుస్తకం అచ్చువేశాడు. ఒక హైదరాబాదీ ఉర్దూ శబ్దాలను ప్రయోగశాల దాకా తీసుకుపోయాడన్నమాట. నాలుక ఎక్కడ తగులుతోంది, గాలి ఎంతసేపు ఆగుతోంది, గొంతు ఎప్పుడు మోగుతోంది అన్నవి ఆయన ప్రశ్నలు. ఇది ఒప్పా తప్పా అని అడిగే పండితుల కాలంలో ఇది ఎలా పలుకుతోంది అని అడిగాడు. ఆ ఒక్క మార్పుతో చాలా తలుపులు తెరుచుకున్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కలం అనే మాటను ఉత్తరాది విద్యావంతులు గొంతు లోపలి నుంచి వచ్చే ‘క’తో పలుకుతారు. హైదరాబాదీ ఆ మాటను ‘ఖలమ్’ అంటాడు, ‘ఖ’ను కాస్త ఒరిపిడితో. లక్నో వాళ్లకు ఇది నవ్వులాట. కానీ వినండి. ఆ లోపలి ‘క’ వచ్చిన చోటల్లా అతను అట్లాగే పలుకుతాడు. ఒకచోట ఒకలా, మరోచోట మరోలా పలకడు. నియమం తప్పని దాన్ని తప్పు అనడానికి శాస్త్రంలో చోటు లేదు.

తిరిగి వచ్చాక జోర్ ఉస్మానియాలో పాఠం చెబుతూనే ‘ఇదారే అదబియాతే ఉర్దూ’ అనే సంస్థను 1930ల మొదట్లో నిలబెట్టాడు. పాత దక్కనీ రాతప్రతులు ఇళ్ల అటకల మీద చెదలు పడుతుంటే సేకరించాడు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వాన్ని 1940లో సంపుటంగా తెచ్చాడు. ఆ సంస్థ భవనం ఐవానే ఉర్దూ పంజాగుట్టలో ఉంది. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే పంజాగుట్ట ఎనిమిదో స్టేషను. రోజూ ఆ దారిన ఆఫీసులకు పోయేవాళ్లలో ఎంతమందికి ఆ భవనం సంగతి తెలుసో.

అంతకుముందే గ్రియర్సన్ దొర దేశంలోని భాషల సర్వే చేశాడు. 1894లో మొదలై 1928 దాకా సాగిన ఆ మహా కార్యం నిజాం రాజ్యంలోకి, మైసూరులోకి, మద్రాసు రాష్ట్రంలోకి అడుగుపెట్టలేదు. మన ప్రాంతపు మాటలు ఆ పటం బయటే ఉండిపోయాయి. ఇక్కడివాళ్లు తమ పని తామే చేసుకోవాల్సి వచ్చింది.

1962 ఈ కథలో ముఖ్యమైన ఏడాది. జోర్ ఆ ఏడు శ్రీనగర్‌లో కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయన కశ్మీరులో ఉర్దూ ఆచార్యుడు. అదే ఏడు ఉస్మానియా ఉర్దూ శాఖకు మసూద్ హుసేన్ ఖాన్ వచ్చాడు. ఉర్దూ పుట్టుక గురించి, ధ్వనుల గురించి ఆయన అప్పటికే పేరు మోసిన పండితుడు. ఇక్కడ ఉండగా దక్కనీ నిఘంటువు పనికి పూనుకున్నాడు. అదే ఏడు భాషాశాస్త్ర శాఖకు అధ్యక్షుడిగా భద్రిరాజు కృష్ణమూర్తి వచ్చారు. ఆయన పూనిక మీద మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, ఆ ఏడే వెలువడింది. రైతు నాగలిలో ఏ ముక్కను ఏ ఊళ్లో ఏమంటారో ఊరూరా తిరిగి అడిగి రాసిన పుస్తకం అది. బజారు దక్కనీ, పొలం తెలుగు రెండూ ఒకే విశ్వవిద్యాలయంలో పెద్దపీట మీదికి వచ్చాయి. జనం నోటిమాటకు ఇంత గౌరవం దక్కిన కాలం మన దగ్గర తక్కువ.

ఆ తర్వాత 1971లో జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో కుప్వాడ్ అనే ఊరు. మూడువేల పైచిలుకు జనాభా. జైనులు, లింగాయతులు కన్నడం, ముస్లింలు ఉర్దూ, మరికొందరు మరాఠీ. తాళ్లు పేనుకొనే కొన్ని కుటుంబాలది తెలుగు. వందల ఏళ్లుగా పక్కపక్కన బతికిన ఆ ఊళ్లో భాషలు దేని మాటలు దానివిగానే ఉంచుకున్నాయి. వాక్యం మాత్రం ఒకటైపోయింది. ఒక భాషలోని వాక్యాన్ని మాటకు మాట మార్చుకుంటూ పోతే రెండో భాష వాక్యం తయారు. ఎవరూ తమ భాషను వదులుకోలేదు. ప్రపంచవ్యాప్తంగా భాషాశాస్త్ర విద్యార్థులు ఈనాటికీ చదివే వ్యాసం అది.

ఆ ఊరి తీరు నగరానికీ వర్తిస్తుందా? ఢిల్లీ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పిన కారుమూరి వెంకట సుబ్బారావు, హర్బీర్ అరోరాతో కలిసి 1980ల చివర్లో దక్కనీ వాక్యం మీద వరుసగా వ్యాసాలు రాశారు. వాటిలో ఒకటి పూర్తిగా ‘సో’ అనే ఒక్క అక్షరం గురించి. ఇక్కడ కొంచెం నిదానంగా నడుద్దాం.

‘నువ్వు నాకిచ్చిన పుస్తకం’ అంటాం మనం. ‘ఇచ్చిన’ అనేది పుస్తకానికి ముందు వచ్చి కూర్చుంటుంది. బడి హిందీలో ఇట్లా చెప్పడం కష్టం. ‘జో కితాబ్ తుమ్‌నే ముఝే దీ’ అని మొదలుపెట్టి ‘వో’ అని అందుకోవాలి. ఏది నువ్విచ్చావో అది, అనే పద్ధతి. హైదరాబాదీ ఏమంటాడు? “తుమ్ మేరెకు దియే సో కితాబ్.” తుమ్ అంటే నువ్వు, మేరెకు అంటే నాకు, దియే సో అంటే ఇచ్చిన, కితాబ్ అంటే పుస్తకం. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరగలేదు. పాత హిందీలో జో... సో అని జంటగా ఉండే ‘సో’ను దక్కనీ తెంపుకొని తెచ్చుకుంది. తెలుగు ‘ఇచ్చిన’లోని చివరి ‘న’ చేసే పనిని దానికి అప్పజెప్పింది. పాత ఇంటి దూలాన్ని కొత్త ఇంటికి వాసంగా వాడుకున్నట్టు.

‘బోల్కే’ ఇంతకంటే ముచ్చటైనది. “ఉనే కల్ ఆతూఁ బోల్కే బోలా.” వాడు రేపు వస్తానని చెప్పాడు. మన ‘అని’ ఎక్కడిది? ‘అను’ అనే క్రియ నుంచి, అంటే చెప్పి. ‘బోల్కే’ అంటే కూడా చెప్పి. సరే, ఇంతవరకూ అనువాదం అనుకుందాం. మన ‘అని’ మరో పని కూడా చేస్తుంది. ‘వాన వస్తుందని గొడుగు తెచ్చిన’. ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు, అది కారణం. దక్కనీలో? “బారిష్ ఆతీ బోల్కే ఛత్రీ లాయా.” వాన చెప్పలేదు, గొడుగు చెప్పలేదు, అయినా ‘బోల్కే’ వచ్చింది. మాట ఒక్కటే అరువు తెచ్చుకుంటే ఇట్లా జరగదు. ఆ మాట చేసే పనులన్నీ తెలిసిన మనుషులు, రెండు భాషల్లోనూ కలలు కనే మనుషులు తరతరాలుగా ఉంటేనే జరుగుతుంది.

అన్నీ తెలుగు నుంచే వచ్చాయనుకోకండి. ‘నక్కో’ మరాఠీది. ‘మైంచ్’, ‘అబ్బీచ్’ లలోని ‘చ్’ కూడా మరాఠీదే. మన నేనే, ఇప్పుడే లలోని ఏకారం పని అది చేస్తుంది. ఇక ‘మై రోటీ ఖాయా’ అన్నప్పుడు బడి హిందీలో తప్పనిసరి అయిన ‘నే’ కనబడదు. ప్రచార సభ పరీక్షల్లో మన పిల్లల మార్కులు తినేసే ఆ ‘నే’ను దక్కనీ హాయిగా వదిలేసింది. మన ద్రావిడ భాషల్లో అట్లాంటిది లేదు మరి. వంటింట్లో చూస్తే చింతచిగురు మాంసం ‘చిగుర్ గోష్త్’ అయింది. ఆ చిగురు మనదే. దవాఖాన, దోస్తు, పరేషాను, షురూ మన నోట్లో స్థిరపడ్డాయి. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉంది.

ఇప్పుడు మళ్లీ పంజాగుట్ట. ఐవానే ఉర్దూ ఉన్న ప్రాంతంలోనే నిమ్స్ ఆసుపత్రి. అక్కడి నరాల వైద్య విభాగంలో డాక్టర్ అల్లాడి సువర్ణ మతిమరుపు జబ్బుల క్లినిక్ నడిపారు. పేషెంట్లలో చాలామందికి తెలుగుతోపాటు దక్కనీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఒకటో రెండో వచ్చు. కొందరికి ఒక్క భాషే వచ్చు. ఈ తేడా జబ్బు మీద ఏమైనా ప్రభావం చూపుతుందా అన్నది ప్రశ్న. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి థామస్ బాక్, ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ నుంచి దుగ్గిరాల వసంత, హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి సూరంపూడి బాపిరాజు తదితరులు కలిశారు. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూశారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లకు జబ్బు లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, వీళ్లకు 65.6 ఏళ్లకు మొదలయ్యాయి. నాలుగున్నర ఏళ్ల తేడా. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఇది వెలువడింది.

అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితమే వచ్చింది. కానీ అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లలో వలస వచ్చినవాళ్లు ఎక్కువ. మంచి ఆరోగ్యం ఉన్నవాళ్లే దేశాలు దాటుతారేమో, లాభం భాషది కాదేమో అన్న అనుమానం మిగిలింది. హైదరాబాద్ ఆ చిక్కు తీర్చింది. ఇక్కడ రెండో భాష కోసం ఎవరూ ఓడ ఎక్కలేదు, గల్లీ దాటితే చాలు. ఇంకొక అనుమానం చదువుది. నా మనసును పట్టుకున్న అంకె అక్కడే ఉంది. అక్షరం ముక్క రానివాళ్లను విడిగా చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది. బడికి పోనివాళ్లకు బజారు చదువు చెప్పింది.

కారణం ఏమిటి? రెండు భాషలవాడి మెదడులో రెండూ ఎప్పుడూ మెలకువగానే ఉంటాయి. ఒకటి మాట్లాడుతున్నప్పుడు రెండోదాన్ని అదిమి పెట్టాలి, మనిషి మారగానే వదలాలి. మా గేటు దగ్గర ఆ పెద్దాయన రెండు క్షణాల్లో ‘హోనా’ను దించి ‘గావాలె’ను ఎత్తుకున్నది ఆ కసరత్తే. జీవితకాలం చేసిన ఆ కసరత్తు మెదడుకు కొంత నిలవ పెడుతుందని శాస్త్రజ్ఞుల ఊహ. ఆ నిలవ జబ్బును ఆపదు, కొన్నాళ్లు నిలువరిస్తుంది. నిమ్స్ బృందమే 608 మంది పక్షవాత రోగుల్ని పరిశీలిస్తే, ఆ తర్వాత ఆలోచనాశక్తి చెడకుండా మిగిలినవాళ్లు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒక భాషవారిలో 19.6 శాతం. ఇతర దేశాల్లో ఆరోగ్యవంతులను ఏళ్లతరబడి గమనించిన కొన్ని పరిశోధనల్లో ఇటువంటి తేడా కనబడలేదనీ చెప్పాలి. వాదన ముగియలేదు. అయినా ఆ వాదనలో మన నగరం పేరు లేకుండా ఇప్పుడు ఎవరూ మాట్లాడలేరు.

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ మీదుగా గచ్చిబౌలి పోతే ఈ కథలో కొత్త అంకం. 1998లో అక్కడ ట్రిపుల్ ఐటీ, అదే ఏడు మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చాయి. ట్రిపుల్ ఐటీ భాషా సాంకేతిక కేంద్రంలో దీప్తి మిశ్ర శర్మ వంటివారు, అమెరికా విశ్వవిద్యాలయాలతో కలిసి, హిందీ ఉర్దూ వాక్యాల్ని కర్త, కర్మ మొదలైన పాణిని కారకాల ప్రకారం విడగొట్టి యంత్రం కోసం గుర్తులు పెట్టారు. రెండు లిపుల భాషలకు ఒకే చట్రం సరిపోయింది. కానీ ఆ వాక్యాలు ప్రధానంగా పత్రికల నుంచి వచ్చినవి. ‘దియే సో కితాబ్’ ఏ పత్రికలో దొరుకుతుంది? దక్కనీ ఈనాడు ముఖ్యంగా నోట్లోనే బతికే భాష. రాతలోనో, రికార్డులోనో లేని దాన్ని యంత్రం నేర్చుకోలేదు.

నోళ్లు కూడా మారుతున్నాయి. మూసాపేటలో, కూకట్‌పల్లిలో పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడితే ఇప్పుడు బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీల హిందీ వినబడుతుంది. మేస్త్రీ వాళ్లతో మాట్లాడటానికి తన ‘హోనా’ను ‘చాహియే’ చేసుకుంటున్నాడు. పిల్లలు టీవీ హిందీ నేర్చుకుంటున్నారు. మా అమ్మ మాత్రం ఎదురు దిశలో నడిచింది. ముప్పై ఏళ్లు ఆ బజారులో బేరాలాడి, చివరికి ఆమే “క్యా హోనా భాయ్?” అనే స్థితికి వచ్చింది. పరీక్షల హిందీ కాగితాల్లో ఉండిపోయింది.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లోగానీ, మీ పక్కింట్లోగానీ ఈ పాత దక్కనీ, పాత తెలంగాణ తెలుగు కలిపి మాట్లాడే పెద్దవాళ్లు ఉంటే, వాళ్ల అనుమతి అడిగి ఒక అరగంట మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. దిద్దకండి, మధ్యలో ఆపకండి. ఊరు, ఏడాది, వాళ్ల వయసు రాసి దాచండి. మా గేటు దగ్గర ఆగిన ఆ పెద్దాయన గొంతు మా దగ్గర లేదు.